అమెరికాలో ఆరు వేలు, కర్నూలులో అయిదు వందలు: మన ఇంటి ఇంటర్నెట్ నిజంగా చవకేనా?



పోయిన నెల కర్నూలు బ్రాంచిలో పేరెంట్స్ మీటింగ్ అయిపోయాక ఒక తండ్రి నా దగ్గర ఆగి అడిగారు. "సార్, మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. ఇంట్లో నెట్‌కు నెలకు డెబ్భై డాలర్లు కడతాడంట. మేము ఇక్కడ నాలుగు వందల డెబ్భై రూపాయలు కడతాము. మనకే చవక అంటాడు వాడు. మరి రాత్రి ఎనిమిదైతే మా పిల్లోడి పాఠం వీడియో గిరగిరా తిరుగుతానే ఉంటాది. పెద్ద ప్లాన్ వేయించమని ఒకటే పోరు. వేయించమంటారా?"

అక్కడ నిలబడి రెండు మాటల్లో చెప్పలేకపోయాను. ఈ ప్రశ్న మీలో చాలామంది ఇళ్లలో ఉందని తెలుసు. పైగా పాఠాల వీడియోలు, హోంవర్క్, టెస్టులు యాప్‌లో పెడుతున్నది మేమే కాబట్టి ఆ బిల్లులో మా వంతు కూడా ఉంది. అందుకే ఈ నెల కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ధర సంగతి. డెబ్భై డాలర్లంటే మన డబ్బుల్లో దాదాపు ఆరు వేలు. 30 ఎంబీపీఎస్ వేగానికి 399 రూపాయల ప్లాన్, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 471 రూపాయలు. ప్రకటనలో 399 కనిపిస్తుంది, చేతిలోంచి పోయేది 471. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే మనది పన్నెండో వంతు ధర. చవకే అనిపిస్తుంది.

కానీ ఆ తమ్ముడికి జీతం డాలర్లలో వస్తుంది. ప్రపంచ బ్యాంకు లెక్కల్లో 2023లో అమెరికా తలసరి ఆదాయం ఏడాదికి సుమారు 80,000 డాలర్లు, మన దేశానిది సుమారు 2,500. నెలకు చేస్తే వాళ్లకు 6,600 డాలర్ల పైన, మనకు పదిహేడు వేల రూపాయల చిల్లర. అంటే వాళ్ల డెబ్భై డాలర్లు నెల ఆదాయంలో ఒక్క శాతం. మన 471 రూపాయలు రెండున్నర శాతం దాటింది. చవక ఎవరికో ఇప్పుడు చెప్పండి!

ఇది సగటు లెక్కేనని, ఒక కనెక్షన్‌ను ఇంటిల్లిపాదీ వాడుకుంటారని నాకూ తెలుసు. అయినా పోల్చాల్సిన పద్ధతి ఇదే. ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ 2018లో పెట్టిన గీత కూడా ఇలాంటిదే. ప్రాథమిక స్థాయి ఇంటర్నెట్ ఖర్చు తలసరి నెల ఆదాయంలో 2 శాతం దాటకూడదన్నది దాని లక్ష్యం. పై లెక్క ప్రకారం మనకు ఆ గీత సుమారు 350 రూపాయల దగ్గర పడుతుంది.

ఆ గీతకు లోబడిన ధర మన రాష్ట్రంలో ఒకప్పుడు ఉండేది. 2017 డిసెంబర్ 27న వెలగపూడిలో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, 250 టీవీ ఛానెళ్లు, ఒక ఫోన్ అన్నారు. అంత తక్కువకు ఎలా ఇవ్వగలిగారన్నది మన పిల్లలకు చెప్పదగిన కథ. ఫైబర్ వేయడంలో అసలు ఖర్చు తీగది కాదు, నేల తవ్వడానిది. మన రాయలసీమ నేల సంగతి చెప్పక్కర్లేదు, గడ్డపార వేస్తే నిప్పురవ్వలు వస్తాయి. అందుకని తవ్వకుండా, అప్పటికే ఊరూరా నిలబడి ఉన్న కరెంటు స్తంభాల మీదనే సుమారు 24 వేల కిలోమీటర్ల తీగ లాగారు. ఊరి దాకా ప్రభుత్వ తీగ, అక్కడి నుంచి ఇంటి దాకా మన కేబుల్ ఆపరేటర్ తీగ. ఆ తొలి ధర తర్వాత నిలవలేదు. పైగా స్తంభం మీది తీగకు గాలివాన గండం ఎప్పుడూ ఉంటుంది. అయినా నేలను తప్పించుకోవాలన్న ఆలోచన మంచిదనే నా అభిప్రాయం.

సింగపూర్ వాళ్లు ఇదే పనిని నేల కింద చేశారు. ప్రభుత్వ సాయంతో దేశమంతటికీ ఒకే ఫైబర్ వేసి, దాని మీద ఏ కంపెనీ అయినా సేవలు అమ్ముకోవచ్చన్నారు. ఇంటింటికీ తీగ ఒకటే కాబట్టి కంపెనీలు ధర మీద పోటీ పడక తప్పలేదు. 2024లో ఊక్లా సంస్థ స్పీడ్ టెస్ట్ పట్టికల్లో సింగపూర్ ఇళ్ల వేగం సుమారు 300 ఎంబీపీఎస్, మనది 60 చుట్టుపక్కల. వాళ్ల నెల ఆదాయంలో ఆ బిల్లు ఒక్క శాతం కూడా కాదు. అయితే సింగపూర్ దేశమంతా కలిపినా మన ఒక్క రెవెన్యూ డివిజన్ అంత కూడా ఉండదు, అదీ గుర్తుంచుకోవాలి.

వేగం అనగానే ఇంకో తేడా చెప్పాలి. బ్రాడ్‌బ్యాండ్ అని పిలవాలంటే కనీసం ఎంత వేగం ఉండాలో ప్రతి దేశం ఒక నిర్వచనం పెట్టుకుంటుంది. మన దేశంలో అది 2023 జనవరి దాకా 512 కేబీపీఎస్, అప్పుడు 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. అమెరికాలో 2024 మార్చి నుంచి 100 ఎంబీపీఎస్. ఒక జీబీ ఫైలు దించుకోవడానికి 2 ఎంబీపీఎస్ మీద గంట దాటుతుంది, 30 మీద నాలుగున్నర నిమిషాలు, 100 మీద నిమిషం ఇరవై సెకన్లు. రెండిటినీ బ్రాడ్‌బ్యాండ్ అనే అంటారు!

అన్నట్టు, 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు వంద మెగాబైట్లు దిగుతాయనుకుని ఆపరేటర్‌తో గొడవపడేవాళ్లున్నారు. అవి మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి పన్నెండున్నర మెగాబైట్లు దిగితే మీ లైను సరిగ్గానే ఉన్నట్టు.

ఇక ఆయన అసలు బాధ, రాత్రి ఎనిమిదికి తిరిగే చక్రం. దీనికి కారణం దూరం అనుకుంటారు చాలామంది. మనం ఎక్కడో మూలన ఉన్నాం కదా అని. కాదు. కడప నుంచి చెన్నై రోడ్డు మీద 260 కిలోమీటర్లు. సింగపూర్ నుంచి సముద్రం అడుగున వచ్చే కేబుళ్లు ఒడ్డుకు చేరేది ఆ చెన్నైలోనే. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. కడప నుంచి చెన్నైకి దానికి పట్టేది సెకనులో వెయ్యో వంతు కంటే కొంచెం ఎక్కువ. మీ చక్రం పది సెకన్లు తిరిగిందంటే ఆ తప్పు సముద్రానిది కాదు, చాలాసార్లు మీ వీధిది, లేదా మీ ఇంటిది.

వీధి సంగతి చూద్దాం. ఫైబర్ మీ ఇంటికి ఒంటరిగా రాదు. ఆపరేటర్ దగ్గర ఒక పోర్టు నుంచి బయల్దేరిన తీగను స్ప్లిట్టర్‌తో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఆ ఇళ్లందరికీ కలిపి కిందికి వచ్చే సామర్థ్యం దాదాపు 2,500 ఎంబీపీఎస్. అందరూ ఒకేసారి వాడినా అది మరీ తక్కువ కాదు. ఇబ్బంది దాని వెనక ఉంటుంది. ఆపరేటర్ పైనుంచి కొనుక్కునే లైను చిన్నదైతే, కాలనీలో అందరూ ట్యాంకు నుంచి ఒకేసారి కొళాయి తిప్పినట్టే. ఉదయం ఆరింటికి ధార, రాత్రి ఎనిమిదింటికి బొట్లు. ఇలాంటప్పుడు మీరు 30 నుంచి 100కి మారితే బిల్లు పెరుగుతుంది గానీ బొట్లు బొట్లుగానే ఉంటాయి.

ఇంటి సంగతి ఇంకా ముఖ్యం. మన వైపు పాత ఇళ్లు చూడండి. అడుగున్నర మందం రాతి గోడలు. మట్టి మిద్దెలైతే గోడ ఇంకా లావు. వైఫై అంటే రేడియో తరంగమే కదా, రాయి దాన్ని మింగేస్తుంది. రౌటర్ రెండు రకాల తరంగాలు పంపుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడ దాటలేదు. 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మది, కానీ గోడలను కొంత దాటుతుంది. పేరు చివర '5జీ' అని కనిపించేది మొదటిది. దానికీ ఫోన్ 5జీకీ సంబంధం లేదు.

నేను ఫిజిక్స్ చెబుతాను. అయినా మా ఇంట్లో రౌటర్ ముందు గదిలో టీవీ వెనక ఉండేది, మా అమ్మాయి చదువుకునేది వెనక గదిలో. నెట్ రావట్లేదంటే మూడు నెలలు పెద్ద ప్లాన్‌కు డబ్బు కట్టాను. ఏమీ మారలేదు. ఒక ఆదివారం రౌటర్‌ను తెచ్చి నడవలో మేకుకు తగిలించాక గానీ విషయం అర్థం కాలేదు. పాఠం చెప్పేవాడికే ఇలా అయితే మిమ్మల్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

కాబట్టి ప్లాన్ మార్చే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఫోన్‌లో ఏదైనా స్పీడ్ టెస్ట్ తెరిచి, ఉదయం ఏడింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, రెండుసార్లూ రౌటర్ పక్కన నిలబడి కొలవండి. తర్వాత పిల్లలు చదువుకునే చోట కొలవండి. నాలుగు అంకెలు వస్తాయి. రౌటర్ పక్కన బాగుండి చదువుకునే చోట పడిపోతే తప్పు గోడది. ఉదయం బాగుండి రాత్రి రౌటర్ పక్కనే పడిపోతే తప్పు వీధిది. ఆ అంకెలు ఆపరేటర్‌కు చూపించి అడగండి, పెద్ద ప్లాన్ అడగకండి. నాలుగూ మీ ప్లాన్‌కు దగ్గరగా ఉండి కూడా యాప్ తెరుచుకోకపోతే తప్పు మాదే కావచ్చు, ఆఫీసుకు ఫోన్ చేయండి. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల చివరి రాత్రి పేజీ తెరుచుకోదే, అదీ ఇలాంటిదే. జనమంతా ఒక్క సర్వర్ మీద పడితే మీ ఇంట్లో వేగం ఎంతుంటే ఏం లాభం!

చదువుకు నిజంగా ఎంత కావాలి? హెచ్‌డీ వీడియో ఒకటి నడవడానికి 5 ఎంబీపీఎస్ చాలు. లైవ్ క్లాసుకు మూడు, నాలుగు. ఒకేసారి అన్న పాఠం, చెల్లి పాఠం, హాల్లో నాన్నగారి క్రికెట్ నడిచినా పదిహేను దాటదు. 30 ఎంబీపీఎస్ స్థిరంగా వచ్చే ఇంట్లో చదువుకు లోటు లేదు. పెద్ద ప్లాన్ కావాలని పిల్లలు పట్టుబడుతున్నారంటే గేమ్ డౌన్‌లోడ్‌లు కారణమేమో మెల్లగా అడిగి చూడండి.

డేటా పరిమితి గురించి మాత్రం ఫైబర్ ఉన్నవాళ్లు దిగులు పడనక్కర్లేదు. అన్‌లిమిటెడ్ అని రాసి చిన్న అక్షరాల్లో నెలకు 3,300 జీబీ అంటారు. హెచ్‌డీ వీడియో గంటకు రెండుంబావు జీబీ తింటుంది. నెలలో ఉన్న 720 గంటలూ చూసినా అందులో సగమే అవుతుంది.

దిగులు పడాల్సింది ఫోన్ డేటా మీద ఆధారపడిన ఇళ్ల గురించి. ట్రాయ్ లెక్కల్లో 2024లో దేశంలో బ్రాడ్‌బ్యాండ్ చందాదారులు తొంభై కోట్ల పైమాటే, వాళ్లలో తీగతో కనెక్షన్ ఉన్నవాళ్లు సుమారు నాలుగు కోట్లు. మిగతా అందరిదీ ఫోనే. రోజుకు 2 జీబీ ప్లాన్ ఉన్న ఇంట్లో ఒక గంట హెచ్‌డీ పాఠం పూర్తికాక ముందే ఆ రోజు డేటా అయిపోతుంది. మీ ఇంట్లో అదే పరిస్థితి అయితే వీడియో నాణ్యతను 480కి తగ్గించండి. బోర్డు మీది అక్షరాలు చక్కగానే కనిపిస్తాయి, డేటా సగానికి పైగా మిగులుతుంది. ఫైబర్ లేదని మీ అబ్బాయినో అమ్మాయినో ఏ టీచరైనా చిన్నచూపు చూస్తే నాకు చెప్పండి.

కడప, రాయచోటి, రాజంపేట వైపు తల్లులు ఇంకో మాట అడుగుతారు, గల్ఫ్‌లో ఉన్న నాన్నతో మాట్లాడే కాల్ ఎందుకు తెగిపోతుందని. వీడియో కాల్‌కు మీ నుంచి బయటికి పోయే వేగం, అంటే అప్‌లోడ్ కూడా కావాలి. స్పీడ్ టెస్ట్‌లో రెండో అంకె అదే. ఎమిరేట్స్‌లో ఉన్నవాళ్ల సంగతి మరీ విచిత్రం. ఇళ్ల ఇంటర్నెట్ వేగంలో ఆ దేశం ప్రపంచంలో మొదటి వరుసలో ఉంది, నెలకు మూడు వందల దిర్హమ్‌ల దాకా కడతారు, కానీ వాట్సాప్ కాల్‌ను ఏళ్ల తరబడి అక్కడ అనుమతించలేదు. వేరే యాప్ వాడాలి. ఇందులో మీ రౌటర్ తప్పేం లేదు.

ఒకటి మరిచాను. కరెంటు పోతే ఫైబర్‌కు ఏమీ కాదు, రౌటర్ ఆగిపోతుంది. దానికి పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. పరీక్షల నెలల్లో పెద్ద ప్లాన్ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది. కరెంటు ఉండి కూడా డబ్బా మీద 'లాస్' అనే చోట ఎర్ర దీపం కొట్టుకుంటుంటే తీగ ఎక్కడో తెగింది. రౌటర్ ఆపి, వేసి ప్రయోజనం లేదు, ఆపరేటర్‌ను పిలవాల్సిందే.

ఆ తండ్రి మొన్న ఫోన్ చేశారు. రాత్రి తొమ్మిదింటికి రౌటర్ పక్కన 27 వచ్చిందట, పిల్లవాడు చదువుకునే వెనక గదిలో 3. ప్లాన్ మార్చలేదు. పదిహేను మీటర్ల వైరు కొని రౌటర్‌ను ఆ గది గుమ్మం మీదికి మార్పించారు. "ఇప్పుడు హాల్లో నాకు క్రికెట్ రావడంల్యా సార్" అన్నారు.