మంచుహాకీయు నాగిన గుండెయు

మన మెఱిఁగిన హాకీ పచ్చికపై నాడుదురు. శీతలదేశములందు మంచుపై నాడుదురు. ఉక్కు అంచుల జోళ్లు తొడిగి ముప్పాతిక నిమిషము తెగించి పరుగెత్తుటయు, బల్లపైఁ గూలఁబడి రొప్పుటయు, మరల దిగుటయు దాని పద్ధతి.

అమెరికాలో డెట్రాయిట్ జట్టువాఁడు యిరి ఫిషర్ 2005 నవంబరులోను, డల్లాస్ జట్టువాఁడు రిచ్ పెవర్లీ 2014 మార్చిలోను, సెయింట్ లూయిస్ జట్టువాఁడు జే బౌమీస్టర్ 2020 ఫిబ్రవరిలోను ఆటనడుమ గుండె యాగి పడిరి. పరుగులోఁ గాదు, ఆ బల్లయొద్దనే! చెంతనున్న వైద్యులు రొమ్ము నొక్కియు, విద్యుత్తుతో గుండెలయను సరిచేయు యంత్రమును బెట్టియు మువ్వురను బ్రతికించిరి. తెలివి రాఁగానే పెవర్లీ, ఆట యింకెంతసేపున్నదని యడిగెనఁట! పత్రికలు ఆ మాటను ముచ్చటగాఁ జాటినవి. ఆ మువ్వురిలో నెవ్వరును మరల ఆ పెద్ద లీగులో నాడలేదు.

రష్యాలోని చెకోవ్ పట్టణమున 2008 అక్టోబరు 13వ తేదీని 19 ఏండ్ల అలెక్సీ చెరెపనోవ్ అట్లే బల్లపై నొరిగెను. అంబులెన్సు అప్పటికే వెడలిపోయినదనియు, తెచ్చిన యంత్రమున విద్యుచ్ఛక్తి యుడిగి యున్నదనియు నాఁటి వార్తలు. ఆ పిల్లవాఁడు దక్కలేదు.

జబ్బెట్లు వచ్చెనని దినములకొలఁది చర్చించు పత్రికలు, యంత్ర మెచ్చట నుండెను, పనిచేసెనా యని యంతకంటె గట్టిగా నడుగవలదా? నడివయస్సున వేడుకకై యాడువారికి జట్టువైద్యుఁడే యుండఁడు. వారు పడిన వార్తయు నరుదు. వారి చెంత నుండునది తోడియాటగాఁడో, చూడవచ్చిన యిల్లాలో. ఆమె చేయఁదగిన దింతే: అంబులెన్సునకుఁ గబురంపించి, యంత్రము వచ్చువఱకు రొమ్ము నడుమ రెండుచేతులతో 2 అంగుళముల లోఁతున, నిమిషమునకు 100 మొదలు 120 మాఱులు నొక్కుచుండుట.