ప్రతి మోతా మందుపాతర కాదు

శ్రీలంక అంతర్యుద్ధం 2009 మే నెలలో ముగిసింది. కాని జాఫ్నా ద్వీపకల్పానికి ముఖద్వారం వంటి ముహమాలైలో రైతు నాగలి పట్టడానికి ఆ ముగింపు ఒక్కటే చాలలేదు. 2000 నుంచి ఏళ్ల తరబడి సైన్యానికీ ఎల్టీటీఈకీ మధ్య యుద్ధరేఖగా నిలిచిన ఆ నేలలో మందుపాతరలు వరుసలు వరుసలుగా పాతిపెట్టి ఉన్నాయి. ఉత్తర ప్రాంతంలో వాటిని వెలికితీసే పనిలో చేరినవారిలో యుద్ధంలో భర్తలను పోగొట్టుకున్న స్త్రీలు అనేకులు.

వారి ప్రధాన సాధనం మెటల్ డిటెక్టర్. దీని సూత్రం కొత్తదేమీ కాదు. పోలెండు సైనికాధికారి యూజెఫ్ కొసాట్స్కీ రూపొందించిన డిటెక్టర్‌ను 1942లోనే ఎల్ అలమైన్ యుద్ధరంగంలో వాడారు. తీగచుట్టలో మారుతూ ప్రవహించే విద్యుత్తు అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది. అది నేలలోని లోహంలో ఎడ్డీ ప్రవాహాలను ప్రేరేపిస్తుంది. వాటివల్ల పుట్టే ప్రతిక్షేత్రాన్ని పసిగట్టి యంత్రం మోగుతుంది.

చిక్కంతా ఆ మోతలోనే ఉంది. అక్కడ బయటపడిన పాకిస్తాన్ తయారీ పీ-4 వంటి ప్లాస్టిక్ మందుపాతరలలో లోహం పిసరంతే. దానిని పట్టుకోవాలంటే యంత్రాన్ని మరింత సున్నితం చేయాలి. చేస్తే తూటా గుల్లలు, గుండు పెచ్చులు, తుప్పుపట్టిన మేకులు అన్నీ మోగుతాయి. ఇనుము పాలు హెచ్చుగా ఉన్న నేలల్లోనైతే మట్టే మోగుతుంది. ప్రతి మోతనూ మందుపాతరగానే భావించి, మోకాళ్లపై కూర్చుని, పక్కనుంచి మట్టిని కొద్దికొద్దిగా తొలగించాలి. తొంభైతొమ్మిది మేకులు దొరికిన తర్వాత నూరోసారి కూడా మొదటినాటి జాగ్రత్తే చూపాలి. ఏ యంత్రమూ నేర్పలేని విద్య అది.

మేకుకూ మందుపాతరకూ తేడా తేల్చడానికి వచ్చిందే భూమిలోపలికి చూసే రాడార్. రేడియో తరంగాలు లోహం నుంచే కాక, మట్టికి భిన్నమైన విద్యుత్ స్వభావం గల ప్లాస్టిక్, పేలుడు పదార్థాల నుంచి కూడా కొంత ప్రతిఫలిస్తాయి. రాడార్‌నూ డిటెక్టర్‌నూ ఒకే పిడికి జోడించిన యంత్రాలను హాలో ట్రస్టు కంబోడియా, అఫ్ఘానిస్తాన్‌లలో వాడింది. డిటెక్టర్ మోగినా రాడార్‌లో మందుపాతర ఆనవాలు కనిపించకపోతే తవ్వకుండా దాటిపోవచ్చు. అయితే రాళ్లు, చెట్ల వేర్లు కూడా ప్రతిధ్వనిస్తాయి. తడిసిన బంకమట్టి తరంగాలను మింగివేస్తుంది. దాటిపోవాలన్న నిర్ణయం తప్పితే చెల్లించే మూల్యం ఒక కాలు.

పొరుగున ఉన్న భారత్‌కూ ఈ బెడద తెలియనిది కాదు. పార్లమెంటుపై 2001 డిసెంబరు 13 నాటి దాడి తర్వాత, ఆపరేషన్ పరాక్రమ్‌లో భాగంగా పంజాబ్, రాజస్థాన్, జమ్మూ సరిహద్దు పొలాల్లో మందుపాతరలు పాతారు. వాటిని పాతేటప్పుడూ తీసేటప్పుడూ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. మందుపాతరలను నిషేధించిన 1997 నాటి ఒట్టావా ఒప్పందంలో భారత్, పాకిస్తాన్‌లు చేరలేదు. శ్రీలంక 2017 డిసెంబరులో చేరింది. 2018 జూన్‌లో ఒప్పందం వర్తించినప్పుడు, నేలను శుభ్రపరచడానికి ఆ దేశానికి లభించిన వ్యవధి పదేళ్లు.