పాత పికప్‌కు ఏ ఇంజిన్ ఆయిల్ మేలు?

కర్నూలు, కడప: పత్తికొండ మార్కెట్‌కు టమాటా, కర్నూలు యార్డుకు ఉల్లి, బేతంచెర్ల నుంచి నాపబండలు, పులివెందుల నుంచి అరటి గెలలు, చీనీకాయలు... సీమ పల్లెల సరకును చేరవేసే బండ్లలో పదేళ్లు పైబడిన టాటా 207లు, బొలెరో పికప్‌లు, టాటా ఏస్‌లకు కొదవ లేదు. ఒక్క బండినే నమ్ముకున్న యజమానికి ఇంజిన్ బోరుకు వస్తే రెండు విధాలా నష్టం. మరమ్మతు ఖర్చు ఒకవైపు, బండి షెడ్డులో ఉన్నన్నాళ్లు పోయే బాడుగలు మరొకవైపు. ఈ ముప్పును వాయిదా వేయగలిగేది సరైన ఇంజిన్ ఆయిలే. అయితే ‘ఎండలు మండే ప్రాంతం, పాత బండి కాబట్టి ఎంత చిక్కని ఆయిల్ పోస్తే అంత మంచిది’ అన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు.

అంకెల అర్థం ఇదీ..

డబ్బాపై ఉండే ‘15డబ్ల్యూ-40’లో డబ్ల్యూ అక్షరం శీతాకాలాన్ని సూచిస్తుంది. 15 అన్నది చలిలో ఆయిల్ ఎంత తేలికగా కదులుతుందో తెలిపే అంకె. దీనికి మైనస్ 20 డిగ్రీల వద్ద పరీక్ష చేస్తారు. అంతటి చలి మన ప్రాంతంలో ఉండదు. కనుక కేవలం 5డబ్ల్యూ అన్న అంకె కోసం అదనంగా డబ్బు వెచ్చించనవసరం లేదు. రెండో అంకె 40, వంద డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనాన్ని తెలుపుతుంది.

బయట 45 డిగ్రీల ఎండ కాసినంత మాత్రాన ఇంజిన్‌లోని ఆయిల్ అదే స్థాయిలో పలుచబడదు. రేడియేటరు, థర్మోస్టాట్ బాగుంటే ఇంజిన్ వేడి అన్ని కాలాల్లోనూ ఒక పరిధిలోనే ఉంటుంది. నిండు లోడుతో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు వేడి పెరిగే మాట నిజమే. అయినా బరువులు మోసే డీజిల్ ఇంజిన్ల కోసం రూపొందిన 15డబ్ల్యూ-40 ఆ వేడిని తట్టుకోగలదు. ఏదైనా కంపెనీ ఇచ్చిన పుస్తకంలోని గ్రేడే ప్రామాణికం.

మరీ చిక్కనైతే..

ఉదయం స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో చిక్కని ఆయిల్ బేరింగులకు, టర్బోకు ఆలస్యంగా చేరుతుంది. డీజిల్ ఖర్చూ కొంత పెరుగుతుంది. నీలిరంగు పొగ వస్తూ, ఆయిల్ త్వరగా తగ్గిపోతుంటే పుస్తకం అనుమతించిన మేరకు 20డబ్ల్యూ-50 వాడవచ్చు. అది తాత్కాలిక ఉపశమనమే. అరిగిన పిస్టన్ రింగులను ఏ ఆయిలూ బాగుచేయలేదు.

అక్షరాలూ ముఖ్యమే

డబ్బాపై ‘ఏపీఐ’ గుర్తు పక్కన ఉండే అక్షరాల్లో ‘ఎస్’ పెట్రోలు ఇంజిన్లకు, ‘సీ’ డీజిల్ ఇంజిన్లకు వర్తిస్తాయి. డీజిల్ రకాల్లో సీహెచ్-4 1998లో, సీఐ-4 2002లో, సీకే-4 2016లో వచ్చాయి. తర్వాత వచ్చిన సీకే-4ను పాత ఇంజిన్లలోనూ వాడవచ్చు. అదే ఏడాది వచ్చిన ఎఫ్ఏ-4 మాత్రం పలుచనిది. దానిని పాత బండ్లలో పోయరాదు. ఇంట్లో 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ బండి కూడా ఉంటే మరింత జాగ్రత్త అవసరం. పాత సీఐ-4 ఆయిల్ మిగిల్చే బూడిద కొత్త బండి పొగగొట్టంలోని ఫిల్టరును పూడ్చివేస్తుంది.

దుమ్ముతోనే అసలు ముప్పు

బండల గనుల దారుల్లో, సున్నపురాయి, సిమెంటు లారీలు తిరిగే ఎర్రగుంట్ల వైపు రోడ్లపై లేచే దుమ్ము ఇంజిన్‌కు ప్రధాన శత్రువు. చిరిగిన ఎయిర్ ఫిల్టరు, వదులైన గొట్టం గుండా లోనికి చేరిన ఇసుక రేణువులు రింగులను, లైనర్లను ఆకురాయిలా అరగదీస్తాయి. కాగితపు ఫిల్టరును నేలకేసి కొట్టడం, బలమైన గాలితో ఊదడం వల్ల దానికి చిల్లులు పడే ప్రమాదం ఉంది.

దుమ్ములో, అధిక లోడుతో తిరిగే బండ్లకు పుస్తకంలో పేర్కొన్న కిలోమీటర్ల కంటే ముందే ఆయిల్ మార్చాలి. ఆయిల్ ఫిల్టరునూ విధిగా మార్చాలి. డీజిల్ బండిలో ఆయిల్ త్వరగా నల్లబడటం సహజం. అది మసిని తనలో కలుపుకొని ఇంజిన్‌ను శుభ్రంగా ఉంచుతోందని అర్థం. పాలలా తెల్లబడితే మాత్రం నీరు కలిసినట్లే. వెంటనే బండి ఆపి మెకానిక్‌కు చూపించాలి.

గమనించవలసినవి

- బండిని సమతలంపై నిలిపి, ఇంజిన్ ఆపిన కొద్ది నిమిషాలకు డిప్‌స్టిక్ చూడాలి. మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటితే ఆయిల్ నురగ కట్టి, ఇంజిన్‌కు సరిగా అందదు.
- విడి ఆయిల్ కొనరాదు. సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూసి, బిల్లు తీసుకోవాలి.
- ఖాళీ డబ్బాకు చిల్లు పెట్టి పారవేయాలి. లేకుంటే అదే డబ్బాలో నకిలీ ఆయిల్ తిరిగి మార్కెట్‌కు చేరవచ్చు.
- తీసిన ఆయిల్‌ను వంకల్లో, పొలాల్లో పోయరాదు. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రాలకు చేరేలా అప్పగించాలి.

ఆయిల్ మార్చిన తేదీని, మీటరు రీడింగును ఒక చీటీపై రాసి బండిలోనే ఉంచుకుంటే తర్వాతి గడువు మరచిపోయే వీలుండదు.