మీకు తెలుసా? దాయాదుల పోరున చిక్కిన పసుపుపూల పొద

ఫ్లోరిడా దక్షిణాగ్రమున, మయామీ ప్రాంతపు సున్నపురాతి నేలలయందు, పైను చెట్ల నడుమ నేలనంటి వ్యాపించు లంటానా డెప్రెస్సా అను పొద ఆ రాష్ట్రమున దక్క లోకమున మఱెచ్చటను సహజముగా మొలవదని ఎఱుగుదురా? నగరవిస్తరణము దాని నెలవులను హరింపగా, మిగిలినదానికి దాయాదుల పోరు దాపురించినది; మన అడవులను సైతము ఆక్రమించిన తోట లంటానాతో సంకరమై శుద్ధజాతి క్షీణించుచున్నది. నర్సరీలలో ఈ పేరిట అమ్ముడగు మొక్కలలోను సంకరములు పెక్కు గనుక, కొనువారు పూవును నమ్మక ఆకు మొదలు చూడవలెను: తొడిమ చెంత క్రమముగా సన్నబడినచో అసలుది, వెడల్పుగా తెగినట్లున్నచో సంకరము. నిండు ఎండయు నీరు నిలువని నేలయు దొరకినచో, వేరూనిన పిమ్మట నీటికై దేవిరింపదు. పొరుగువారి పెరటిలో తోట లంటానా లేకుండ చూచుకొనుటయే కష్టము.