హైదరాబాద్ నుంచి జిద్దా: దూరమెంత, విమానంలో గంటలెన్ని?

ఉమ్రా టికెట్ చేతికి రాగానే ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. శంషాబాద్‌లో రాత్రి 10 గంటలకు బయల్దేరి 1:30కి జిద్దాలో దిగుతుందని ఉంటే, "మూడున్నర గంటలే కదా" అనుకుంటారు. నిజానికి ఆ ప్రయాణం ఆరు గంటలు. టికెట్ మీద బయల్దేరే టైము మనది, దిగే టైము సౌదీది. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది.

హైదరాబాద్, జిద్దాల మధ్య ఆకాశమార్గంలో దూరం దాదాపు 4,130 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి అటూ ఇటూగా ఐదున్నర నుంచి ఆరు గంటలు పడుతుంది. దుబాయ్ మీదుగా వెళ్తే చుట్టు తిరుగుడు అనుకుంటారు గానీ, దూరం పెరిగేది సుమారు 100 కిలోమీటర్లే. టైమంతా తినేది దుబాయ్‌లో రెండో విమానం కోసం కూర్చోవడమే. పెద్దవాళ్లు, చక్రాల కుర్చీ అవసరమైనవాళ్లు ఉంటే కాస్త ఎక్కువైనా నేరుగా వెళ్లే విమానమే మేలు.

ఈ గంటల లెక్క అసలు అక్కరకొచ్చేది ఇహ్రామ్ విషయంలో. ఉమ్రాకు నేరుగా జిద్దా వెళ్లేవారికి మీఖాత్ విమానంలో ఉండగానే వచ్చేస్తుంది, సాధారణంగా దిగడానికి అరగంట ముందు. విమానం గంటకు 800 కిలోమీటర్ల పైనే పోతుంది కాబట్టి ఆ చోటు నిమిషాల్లో దాటిపోతుంది. చాలా విమానాల్లో ముందుగా ప్రకటిస్తారు. కానీ దాన్నే నమ్ముకుని నిద్రపోతే కష్టం. టికెట్‌లోని 1:30 చూసి ఫోన్‌లో అలారం పెట్టుకున్నా, ఆ ఫోన్ మన టైములోనే ఉంటే అలారం రెండున్నర గంటల ముందే మోగుతుంది. మన టైములో దిగేది తెల్లవారుజామున 4 గంటలకని గుర్తుంచుకుంటే చాలు.

గుస్ల్ ఇంట్లోనే చేసుకుని, మగవారు ఇహ్రామ్ బట్టలు ఇంట్లోనో ఎయిర్‌పోర్టులోనో కట్టుకోవడం సులువు. విమానంలోని ఇరుకు బాత్రూమ్‌లో, ముందు పదిమంది క్యూలో ఉండగా మార్చుకోవడం అయ్యే పని కాదు. ఇక ఇహ్రామ్‌ను పెద్ద సూట్‌కేసులో పెట్టి లగేజీలో వేసేస్తే జిద్దాలో దిగేదాకా చేతికి రాదు. నియ్యత్, తల్బియా మాత్రం మీఖాత్ దగ్గరపడ్డాక చెప్పుకోవచ్చు. ఇహ్రామ్ లేకుండా మీఖాత్ దాటితే వెనక్కి వెళ్లి కట్టుకోవాలి, లేదా దమ్ ఇవ్వాలి అని ఎక్కువమంది ఉలమాలు చెబుతారు.

ముందు మదీనాకు వెళ్లేవారికి ఈ హడావుడి లేదు. వారు అక్కడి నుంచి మక్కా బయల్దేరేటప్పుడు జుల్ హులైఫాలో ఇహ్రామ్ కట్టుకుంటారు.

తిరుగు ప్రయాణంలో లెక్క తిరగబడుతుంది. పైన గాలులు పడమటి నుంచి తూర్పుకు వీచి విమానాన్ని ముందుకు తోస్తాయి. చలికాలంలో ఇది బాగా తెలుస్తుంది. అందుకే వచ్చేటప్పుడు ఐదు గంటలు, ఐదుంపావులో అయిపోతుంది. అయినా జిద్దాలో గురువారం రాత్రి 10కి ఎక్కినవారు ఇక్కడ దిగేది శుక్రవారం ఉదయం 5:45 ప్రాంతంలో. కర్నూలు నుంచో నిజామాబాద్ నుంచో కారు మాట్లాడుకుని వచ్చే ఇంటివాళ్లకు బయల్దేరే తేదీ కాకుండా దిగే తేదీ, టైము పంపాలి. టికెట్‌లో "శుక్రవారం 00:40" అని ఉంటే, గురువారం రాత్రే జిద్దా ఎయిర్‌పోర్టులో ఉండాలి.