హోటల్ వంటకూ ఒక పరీక్ష

పట్టణాల్లో ఇప్పుడు వీధికో కర్రీ పాయింట్ ఉంది. బస్టాండు దగ్గర టిఫిన్ బండ్లు. కాలేజీల పక్కన మెస్సులు. పెద్ద రోడ్డు మీద బిర్యానీ హోటళ్లు. వీటిలో కూరగాయలు తరిగేది, పిండి రుబ్బేది, గిన్నెలు తోమేది చాలా చోట్ల ఆడవాళ్లే. పొయ్యి దగ్గర నిలబడే మాస్టర్ మగవాడే కావచ్చు. కానీ ఆ పొయ్యి మీదికి వచ్చే సరుకు ముందు ఆడవాళ్ల చేతుల మీదుగానే వస్తుంది.

ఇలా పనిచేసే వారి కోసం ఒక చదువు ఉంది. దాని పేరు ఫోస్టాక్. తిండిని చెడిపోకుండా, జబ్బు చేయకుండా ఎలా కాపాడాలో నేర్పుతారు. చివర పరీక్ష పెడతారు. పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2017లో దీన్ని మొదలుపెట్టింది. బిస్కెట్ ప్యాకెట్ మీద, హోటల్ గోడ మీద 14 అంకెల నంబరు కనిపిస్తుంది కదా! అది ఈ సంస్థ కింద వచ్చే నంబరే. ఫోస్టాక్ పాఠం తరగతి గదిలో కూర్చుని నేర్చుకోవచ్చు. ఫోన్‌లో ఆన్‌లైన్ క్లాసుగా కూడా వినవచ్చు.

"ఇరవై ఏళ్ల నుంచి వండుతున్నాను. నాకు వంట నేర్పుతారా?" అని నవ్వేవాళ్లు ఉన్నారు. ఆ నవ్వులో న్యాయం ఉంది. అయితే ఈ క్లాసులో వంట నేర్పరు. రుచి సంగతి ఎత్తనే ఎత్తరు. ఇంటి వంటకూ హోటల్ వంటకూ ఉన్న తేడా చెబుతారు.

ఏమిటా తేడా? ఇంట్లో పదకొండు గంటలకు పప్పు దించుతాం. ఒంటి గంటకల్లా గిన్నె ఖాళీ అవుతుంది. తినేది నలుగురైదుగురు. కర్రీ పాయింట్‌లో పదకొండుకు దించిన పప్పు రాత్రి తొమ్మిదికి కూడా ప్యాకెట్లలోకి పోతూనే ఉంటుంది. తినేది వంద మందో, రెండొందల మందో. ఇంట్లో తప్పు జరిగితే ఒక ఇంటికి కడుపునొప్పి. హోటల్లో అదే తప్పు జరిగితే ఒక పేట మొత్తం ఆస్పత్రికి పోతుంది.

అసలు తిండి ఎందుకు చెడుతుంది? కంటికి కనబడని క్రిముల వల్ల. వాటికి అనువైన తిండి, తడి, గోరువెచ్చని వేడి దొరికితే చాలు. కొన్ని రకాల క్రిములు 20 నిమిషాలకు రెట్టింపు అవుతాయి. ఈ లెక్క మీరే కాగితం మీద వేసి చూడండి. ఒక్క క్రిమితో మొదలుపెట్టండి. 20 నిమిషాలకు 2. 40 నిమిషాలకు 4. గంటకు 8. రెండు గంటలకు 64. మూడు గంటలకు 512. నాలుగు గంటలకు 4,096. ఇలా వేసుకుంటూ పోతే ఏడు గంటలకు 20 లక్షలు దాటుతుంది! పప్పు పదకొండుకు దించారు. ఇప్పుడు సాయంత్రం ఆరు. మధ్యలో పొయ్యి ఎక్కలేదు. ఫ్రిజ్‌లోకి పోలేదు. వాసన చూస్తే బాగానే ఉంటుంది. రుచి కూడా మారకపోవచ్చు. జబ్బు తెచ్చే క్రిములు చాలాసార్లు వాసన రానివ్వవు. ముక్కును నమ్ముకుంటే కుదరదు అనేది అందుకే.

క్లాసులో రెండు అంకెలు గట్టిగా చెబుతారు. 5, 60. ఇవి వేడిని కొలిచే డిగ్రీలు. 5 డిగ్రీల కంటే చల్లగా ఉంటే క్రిములు మెల్లగా పెరుగుతాయి. 60 డిగ్రీల కంటే వేడిగా ఉంటే పెరగలేవు. ఈ రెండింటి మధ్య ఉన్నదే ప్రమాదం. మన ఊళ్లలో గది వేడి ఏడాది పొడవునా ఈ మధ్యలోనే ఉంటుంది. అందుకే వండిన కూరను రెండు గంటలకు మించి బయట పెట్టకూడదు. అమ్మేంతసేపు సన్నని సెగ మీద వేడిగా ఉంచాలి. లేదా త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. పెద్ద డేక్సాలో ఉన్న కూర నడిమధ్యన గంటలకొద్దీ గోరువెచ్చగానే ఉంటుంది. దాన్ని లోతు లేని పళ్లాల్లోకి పంచితే తొందరగా చల్లారుతుంది.

"పోనీలే, మళ్లీ మరగబెడితే క్రిములు చస్తాయి కదా!" అనుకుంటాం. ఇక్కడే చాలామంది మోసపోతారు.

క్రిములు చస్తాయి, నిజమే. కానీ కొన్ని క్రిములు చచ్చేలోపే తిండిలో విషం వదులుతాయి. ఆ విషం మరిగించినా పోదు. అన్నంలో ఇలాంటి క్రిమి ఒకటి ఉంటుంది. దాని విత్తనం లాంటి రూపం బియ్యంతోపాటే వస్తుంది. అన్నం ఉడికినా ఆ విత్తనం చావదు. మధ్యాహ్నం మిగిలిన అన్నం గంపలో అలాగే ఉంటే అది మేల్కొని పెరుగుతుంది. సాయంత్రం ఆ అన్నాన్నే నూనెలో ఎగరేసి ఫ్రైడ్ రైస్ చేస్తారు. పెనం భగభగ మండుతున్నా విషం అలాగే ఉంటుంది. తిన్నవాళ్లకు కొద్ది గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి.

మరి చద్దన్నం తిని పెరిగాం కదా, దానికేమీ కాలేదే? అడగవలసిన ప్రశ్నే. చద్దన్నంలో మజ్జిగో, పెరుగో కలిపి పులియబెడతాం. ఆ పులుపు చాలా క్రిములకు పడదు. హోటల్లో మిగిలిన పొడి అన్నానికి ఆ రక్ష లేదు.

మరిగించినా పోని విషం వదిలే ఇంకో క్రిమి మన చేతి మీదే ఉంటుంది. ముక్కులో ఉంటుంది. కత్తి తెగిన గాయంలో, చీము పట్టిన కురుపులో ఉంటుంది. గాయం వేలితో పచ్చడి కలిపితే అందులోకి దిగుతుంది. అందుకే గాయానికి నీరు తగలని పట్టీ వేసి, పైన తొడుగు వేసుకోవాలి. చీము ఉంటే తిండి ముట్టని పని చేయాలి.

చేతులు కడగడం గురించి ఎంత చెప్పినా తక్కువే. నీళ్లతో తడిపి దులిపేస్తే కడిగినట్టు కాదు. సబ్బు రాసి, గోళ్ల సందులు, వేళ్ల మధ్య, మణికట్టు దాకా కనీసం 20 సెకన్లు రుద్దాలి. దొడ్డికి పోయి వచ్చాక, పచ్చి మాంసం ముట్టుకున్నాక, తుమ్మినాక, డబ్బులు లెక్కపెట్టాక కడగాలి. కడిగిన చేతుల్ని మసిగుడ్డకు తుడిస్తే కడిగినదంతా దండగ. పొద్దుటి నుంచి అదే గుడ్డతో బల్ల తుడిచి, గిన్నె దించి, చెమట తుడుచుకుని ఉంటారు మరి! ప్లాస్టిక్ తొడుగులూ అంతే. వేసుకున్న తొడుగుతోనే డబ్బులు తీసుకుని, దాంతోనే పూరీ అందిస్తే ఏం లాభం?

పచ్చి కోడి మాంసం కోసిన పీట మీద, కత్తితో ఉల్లిపాయలు తరగకూడదు. మాంసం ఉడుకుతుంది. పచ్చి ఉల్లిపాయ ఉడకదు. పచ్చి గుడ్డు సంగతీ ఇలాంటిదే. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయింది. ఎందరో ఆస్పత్రి పాలయ్యారు. పచ్చి గుడ్డుతో చేసే తెల్లటి మయొనైజ్ మీద అనుమానాలు వచ్చాయి. ఆ నెలాఖరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయొనైజ్‌ను ఒక ఏడాది పాటు నిషేధించింది.

బజ్జీలు న్యూస్ పేపర్లో కట్టకూడదనీ, నల్లబడిన నూనెను మళ్లీ మళ్లీ కాచకూడదనీ కూడా క్లాసులో చెబుతారు.

ఇక క్లాసు ఎలా జరుగుతుంది? ఫోస్టాక్ వెబ్‌సైట్‌లో శిక్షణ ఇచ్చే సంస్థల పేర్లు, తేదీలు ఉంటాయి. బండి పెట్టుకున్న వారికి, హోటల్లో పనిచేసే వారికి వేరు వేరు పాఠాలు ఉన్నాయి. మొదటి మెట్టు పాఠం ఒక పూటలో అయిపోతుంది. పరీక్షలో ప్రశ్న కింద నాలుగు జవాబులు ఇస్తారు. సరైనది గుర్తు పెట్టాలి. కూడబలుక్కుని చదవగలిగినా చాలు, భయపడనక్కర లేదు. చేరే ముందు మూడు సంగతులు అడగాలి. తెలుగులో చెబుతారా? ఫీజు ఎంత? రసీదు ఇస్తారా?

ఆన్‌లైన్ క్లాసులో సుఖం ఉంది. బస్సు చార్జీ మిగులుతుంది. ఒక పూట కూలి పోదు. కానీ చిక్కు కూడా ఉంది. ఫోన్‌లో పాఠం నడుస్తూ ఉంటుంది. ఆమె ఒక పక్క ఉల్లిపాయలు తరుగుతూ ఉంటుంది. పరీక్ష ఇంట్లో చదువుకున్న పిల్లవాడు రాసిపెడతాడు. సర్టిఫికెట్ వస్తుంది. యజమాని దాన్ని గోడకు తగిలిస్తాడు. చేయి మాత్రం మసిగుడ్డ వదలదు. ఇలాంటి కాగితం ఎన్ని ఉన్నా ఒక్కరి కడుపునొప్పిని ఆపదు. తోటివాళ్లు ముగ్గురు నలుగురు కలిసి, పని లేని వేళ ఒకే ఫోన్ ముందు కూర్చుని వింటే మేలు. అర్థం కానిది ఒకరినొకరు అడగవచ్చు.

సర్టిఫికెట్ ఉన్నామెకు ఇంకో బలం కూడా వస్తుంది. అది మాట బలం. 2013 జూలైలో బీహార్‌లోని సారన్ జిల్లాలో ఒక పల్లె బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో పురుగుమందు కలిసింది. నూనె తేడాగా ఉందని వంట చేసే ఆమె ముందే చెప్పిందనీ, ఆ మాట ఎవరూ వినలేదనీ అప్పటి పత్రికల్లో వచ్చింది. తానూ ఆ భోజనమే తిని ఆమె కూడా జబ్బు పడింది. 2016లో కోర్టు ఆ బడి ప్రధానోపాధ్యాయురాలికి జైలు శిక్ష వేసింది. వంటామెకు తెలిసింది. చెప్పింది. కానీ "నేను వండను" అని గిన్నె పక్కన పెట్టే ధైర్యం ఆ రోజు ఆమెకు ఎవరిచ్చారు?

హోటల్లోనూ ఇదే జరుగుతుంది. "సార్, ఈ చికెన్ నిన్నటిది. రాత్రంతా కరెంటు లేదు" అని ఆమె అంటుంది. "ఏం కాదులే అమ్మా, మసాలా దట్టించు" అని ఆయన అంటాడు. అప్పుడు ఆమె చట్టం పేరు ఎత్తవచ్చు. 2006లో ఆహార భద్రతా చట్టం వచ్చింది. 2011 ఆగస్టు నుంచి అమలులోకి వచ్చింది. చెడిన తిండి అమ్మితే శిక్ష ఉంది. లైసెన్సు ఉన్న చోట ప్రతి 25 మంది పనివాళ్లకు శిక్షణ పొందిన మనిషి ఒకరు ఉండాలని ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. చెప్పింది. ఆ ఒకరు గిన్నెలు తోమే ఆమె ఎందుకు కాకూడదు? మంచినీళ్లు, సబ్బు, మరుగుదొడ్డి ఏర్పాటు చేయడం యజమాని పని. ఏడాదికి ఒకసారి పనివాళ్లకు డాక్టరు పరీక్ష కూడా చేయించాలి. టైఫాయిడ్ తగ్గినా కొందరి ఒంట్లో ఆ క్రిమి ఉండిపోతుంది. వాళ్లకు ఏ బాధా తెలియదు. వాళ్ల చేతి తిండి తిన్నవారికి జ్వరం వస్తుంది.

విరేచనాలు, వాంతులు, కామెర్లు ఉన్నవారు తిండి ముట్టకూడదని నియమం. మంచి నియమమే. కానీ ఆ రోజు కూలి ఎవరిస్తారు? కూలి పోతుందని జబ్బు దాచుకుని పనికి వచ్చేవాళ్లే ఎక్కువ. ఈ చిక్కు పాఠంతో తీరదు. పది మంది, అంతకు మించి పనిచేసే హోటల్లో ఈ.ఎస్.ఐ. ఉందేమో అడగాలి. ఉంటే, జబ్బు సెలవుకు జీతంలో కొంత భాగం వస్తుంది. ఒకటి రెండు రోజుల విరేచనాలకు మాత్రం అది అక్కరకు రాదు. ఆ రెండు రోజులు తిండీ, గిన్నెలూ ముట్టని బయటి పని ఇవ్వమని, కూలి కోయవద్దని అందరూ కలిసి యజమానితో ముందే మాట్లాడుకోవాలి. జబ్బు పడ్డాక ఒక్కతే వెళ్లి అడిగితే పని జరగదు.

సర్టిఫికెట్ చేతికి రాగానే ముందు మీ పేరు మీరే చదివి చూసుకోండి. ఆధార్ కార్డులో ఉన్నట్టే ఉందా? అక్షరం తేడా ఉంటే అప్పుడే దిద్దించండి. ఆ కాగితం మీది, హోటల్‌ది కాదు. గోడకు తగిలించడానికి నకలు ఇచ్చి, అసలు మీ దగ్గర ఉంచుకోండి. వేరే హోటల్‌కు మారితే అది చూపించి జీతం మాట్లాడుకోవచ్చు. దాని మీద తేదీ కూడా ఉంటుంది. అక్కడి నుంచి రెండేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత మళ్లీ క్లాసు వినాలి.