కోతకు ముందటి దిగులు

దుక్కి పదును చూచిననాటినుండి ధాన్యము గాదె చేరువఱకు రైతునకు చింత తప్పదు. వాన రాకున్న నొక చింత, వచ్చిన వాన వెలియకున్న మఱియొక చింత. అనంతపురము ప్రాంతమున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. అచ్చట వేరుసెనగ విత్తిన పిమ్మట ఇరువది దినములు చినుకు లేకున్న ఆ యింటివారికి నిద్ర పట్టదు. గోదావరి డెల్టాలో కార్తికమాసపు తుపాను వార్త వినినంతనే, పనలు చేలమీదనున్న రైతునకు అన్నము సయింపదు. దీనిని పిఱికితనమనుట తగదు. ఇది దేహధర్మము.

అపాయము తోచినపుడు మూత్రపిండములపై నుండు చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను పదార్థమును రక్తములోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును, కండరములకు రక్తము హెచ్చుగా పాఱును, జీర్ణక్రియ మందగించును. పోరాడుటకో పాఱిపోవుటకో దేహమిట్లు సిద్ధపడునని అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో వివరించెను. చేనిలో త్రాచు పడగ విప్పినపుడు ఇది మేలే చేయును. పాము పోయిన కొంతసేపటికి గుండె కుదుటబడును. కాని అప్పు అట్లు చేను విడిచి పోవునది కాదు. నెలల తరబడి దేహము ఆ సిద్ధస్థితియందే యున్నచో నిద్ర చెడును, తలనొప్పి, కడుపులో మంట, రక్తపు పోటు బయలుదేఱును. చిన్న మాటకే ఆలుబిడ్డలపై కోపము వచ్చును.

'ధైర్యముగా నుండుము' అని చెప్పుట సులభము. అట్టి హితవువలన ఒక్క రూపాయి అప్పైనను తీరినట్లు మే మెఱుగము.

ఈ విషయమున తమిళనాటి చెఱకు రైతులనుగూర్చిన పరిశోధన యొకటి మన సభ్యు లెఱుగదగినది. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్ మొదలగు నలుగురు పండితులు 464 మంది రైతులను కోతకు ముందొకసారియు, తరువాత నొకసారియు పరీక్షించి, ఫలితములను 2013లో 'సైన్స్' పత్రికయందు ప్రకటించిరి. కోతకు ముందు నూటికి 78 మంది వస్తువులు కుదువబెట్టియుండగా, కోత తరువాత అట్టివారు నలుగురు మాత్రమే. అదే రైతు, అదే బుద్ధి; అయినను బొమ్మల వరుసను పూరించుట, అంకెలను వడిగా గుర్తించుట మొదలగు పరీక్షలలో కోతకు ముందు వెనుకబడి, తరువాత మెఱుగుపడెను. మిల్లులు ఒక్కొక్క చేనిని ఒక్కొక్క కాలమున కోయించును గనుక, ఇది ఋతువు మారుటవలన కలిగినదని త్రోసివేయుటకు వీలులేదు. ఈ పరిశోధనపై కొందఱు పండితులు ఆక్షేపణలు తెలిపిరి గాని, పల్లెలలోని మన యనుభవమునకు ఇది దూరముగా లేదు. చింత మనస్సులోని చోటంతయు ఆక్రమించినపుడు తెలివికి మిగులునది కొంచెమే.

రైతు పెద్ద నిర్ణయములన్నియు ఆ సమయముననే చేయుచున్నాడు. క్రొత్త బోరు వేయుట, వర్తకుడు చెప్పిన మందునెల్ల చల్లుట, పంట చేతికి రాకమునుపే ధర ఒప్పుకొనుట, అన్నింటికన్న ముఖ్యముగా అప్పు తెచ్చుట. సకాలమున తీర్చువారికి పంటఋణము ప్రభుత్వపు రాయితీతో 3 లక్షలవఱకు నూటికి ఏటికి 4 రూపాయల వడ్డీకి లభించును. లక్షకు ఏడాదికి 4,000. అదే లక్షను నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి బయట తెచ్చినచో 24,000. నెమ్మదిగా నున్నవాడు ఈ భేదమును వ్రేళ్లపై లెక్కించును. రేపటి ఎరువుకు సొమ్ములేక మూడు రాత్రులు నిద్రకాచినవాడు లెక్కింపడు. కౌలుదారుల సంగతి వేఱు. వారిలో పెక్కురకు ఆ చౌకవడ్డీయే అందదు గనుక, వారి చింతను లెక్కలు చెప్పి తీర్పలేము.

కావున విత్తుటకు ముందే, వైశాఖములోనో జ్యేష్ఠములోనో, ఇల్లాలిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని, ఎవరికెంత బాకీ, వడ్డీ యెంత, గడువెప్పుడు అని ఒక కాగితముపై వ్రాయుడు. ఆమెకు దాచిన అప్పు రెండింతలు బరువగును. ఈ సంవత్సరము ఎంతకు మించి అప్పు చేయరాదో అప్పుడే నిశ్చయించి, ఆ హద్దు దాటవలసివచ్చినచో మఱియొకరి సలహా లేక వ్రేలిముద్రయైనను వేయకుడు. ఫసల్ బీమాలో చేరినవారు వడగండ్లవలనగాని ముంపువలనగాని పంట చెడినపుడు 72 గంటలలోపల తెలుపవలెను. దిగులులో ఈ గడువు మఱచి నష్టపోవుదురు గనుక 14447 అను ఫోను నంబరును నేడే గోడపై వ్రాసి యుంచుట మేలు.

సంఘముల పాలకవర్గములకును ఒక మాట. బాకీ నోటీసులు పంట అమ్మకము పోయిన పిమ్మట అందునట్లు పంపిన సొమ్మును వచ్చును, రైతునకు నిద్రయు దక్కును. కోతకు ముందు నెలలో పంపిన నోటీసు అతనిని వడ్డీవ్యాపారి గుమ్మమునకే త్రోయును.

సారాయి త్రాగిన నిద్ర త్వరగా వచ్చునుగాని నడిరేయి దాటిన పిదప చెదరిపోవును. పడుకొనుటకు ముందు పది నిమిషములు ఊపిరిని మెల్లగా పీల్చి, అంతకన్న మెల్లగా విడుచుట గుండె వేగమును తగ్గించును. ఇందులో ఖర్చు లేదు.

రెండు వారములకు మించి నిద్రాహారములు లేక, ఏ పనియందును మనసు పెట్టక, 'నేను లేకున్న మీకే సుఖము' అను వానిని ఒంటరిగా విడువరాదు. ప్రాణము తీసికొను తలంపు ఉన్నదా యని సూటిగా అడుగవచ్చును. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు. పురుగుమందులను ఆ యింటనుండి తొలగించి తాళములో నుంచి, రోగిని వైద్యునియొద్దకు తోడ్కొని పోవలెను. 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ వారు 14416 నంబరున రాత్రింబగళ్లు ఉచితముగా తెలుగులో మాటలాడుదురు. ఫోను చేయువాడు బాధితుడే కానక్కఱలేదు. ఇంటివారైనను పొరుగువారైనను చేయవచ్చును.